నాగా వేరే, సున్నా వేరే

"మళ్లీ తప్పని ఎర్రగీత పడ్డది బిడ్డా," అన్నాడు సామ్యేల్, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

ఫెబా తన పని ఆపి లేచి వచ్చింది. హైదరాబాదులోని ఒక కంపెనీకి షేర్ల చార్టుల ప్రోగ్రాములు ఇంట్లోంచే రాసిచ్చే పని ఆమెది. ఎదురు లైను క్వార్టర్లో ఉండే సామ్యేల్ కాక, గోదావరిఖని గనుల్లో ముప్పై ఒక్క ఏళ్లు హాజరు గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. వారం రోజులుగా మధ్యాహ్నం అన్నం తినగానే వచ్చి ఆమె రెండో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. ఆమె తెర మీద గీతలు చూసి ముచ్చటపడి, తన దగ్గరా కొన్ని అంకెలున్నాయని, సరాసరి ఇరవై దాటిన రోజు గంట మోగాలని అడిగాడు. నేను రాసిస్తా కాకా అంటే వినలేదు. పొరపాటైనా తనదే కావాలట. ఒంటి వేలితో టైపు చేస్తాడు, పాపం ఆ వేలికి తొందరేమీ లేదు.

"ఇదేంది కాకా, అంకెలుండే వరుసల మాటలు రాసినవ్? నాగా, నాగా అని?"

"రాని రోజు నాగానే గద రాసేది. ముప్పై ఏండ్లు గట్లనే రాసిన."

ఫెబాకు నవ్వొచ్చింది. "ఒక్క మాట పడ్డా వరుసంతా అక్షరాలే అనుకుంటది కంప్యూటరు. ఇగ కూడికలు చెయ్యది. సున్నా పెట్టు."

సున్నా పెట్టాడు. తెర మీద సరాసరి గీత ఒక్కసారిగా కిందికి దిగింది. సామ్యేల్ ముఖం కూడా దాంతోపాటే దిగింది.

"తప్పు బిడ్డా. నాగా వేరే, సున్నా వేరే. డ్యూటీకొచ్చి ఒక్క టబ్బు బొగ్గు నింపకపోతే సున్నా. అసలే రానోనికి సున్నా ఏస్తే, వాని మీద అబద్ధం రాసినట్టు."

ఫెబా కంపెనీలో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా మరిచిపోయే సంగతి అది. ఆమె ఖాళీని ఖాళీగానే ఉంచే ప్రోగ్రాము మాట చూపించింది. నాగా రోజులను దాటేసి, వచ్చిన రోజుల్లోంచే పదింటి సరాసరి తీసే నాలుగు లైన్లు ఇద్దరూ కలిసి రాశారు. మళ్లీ ఎర్రగీత.

"ఇప్పుడేమైంది?"

"ఇరవై దాటిందా అని వరుస మొత్తాన్ని అడిగినవ్ కాకా. అందుల నలభై రోజులున్నయ్. అన్నిటికి కలిపి అది ఏమని చెప్పాలె?"

సామ్యేల్ గడ్డం గోక్కున్నాడు. "అంటే షిఫ్టు మొత్తాన్ని నిలవెట్టి, వచ్చినవా అని అడిగిన. పేరు పెట్టి పిలవాలె."

"ఆఁ. ఆఖరి రోజును పిలువు."

పిలిచాడు. ఎర్రగీత పోయింది. ఆ పెద్దమనిషి పసివాడిలా నవ్వుతుంటే, ఫెబా మొదటిసారి ఆ అంకెలను నింపాదిగా చూసింది. నాలుగు, ఆరు, తొమ్మిది, పదిహేడు. వట్టి చిల్లర షేరు.

"పేరేంది కాకా దీనిది?"

"చెప్పనని మాటిచ్చిన."

"ఎవరికి?"

"ఉన్నరు తియ్."

తేదీల్లో ఆదివారాలు కూడా ఉన్నాయి. ఫెబా వాటి మీద వేలు పెట్టింది. "ఆదివారం మార్కెట్ బందుంటది గద?"

"ఇది ఉంటది. చర్చి నుంచి వచ్చినంక రాస్త."

"ఇరవై దాటినంక ఏం చేస్తవ్?"

"ఒక్కరోజు పెరిగితే పెరిగినట్టు కాదన్నడు సారు. పది రోజుల సరాసరి దాటినంకనే ధైర్యం చెయ్యమన్నడు. జల్ది పడితే మొదటికే మోసమట."

"ఏ సారు?"

"కరీంనగర్ల ఉంటడు. వారానికోసారి ఫోన్ల మాట్లాడుతడు."

ఆదివారం కూడా ధర చెప్పే ఇలాంటి ఫోన్ సార్ల సంగతి ఫెబాకు బాగా తెలుసు. నాలుగు రూపాయల షేరును ఇరవైకి లేపి, అమాయకులకు అంటగట్టి మాయమైపోతారు. సామ్యేల్ భార్య సుగుణమణి, నిరుడు సకల జనుల సమ్మె ముగిసిన నెలలోనే పక్షవాతంతో మంచాన పడింది. జాలి మాటలు గిట్టని మనిషి, చూడటానికి ఎవరినీ రానివ్వదు. రిటైర్మెంటు డబ్బుల్లో మిగిలినదే ఇప్పుడు ఆమెకు మందూ మాకూ. అదీ ఈ షేరులో పోతే ఆ ఇద్దరి గతేమిటి?

"కాకా, గంట మోగిన రోజు నన్ను అడగకుండ ఏం చెయ్యకు. చిన్నమ్మ ఉన్నది, యాది పెట్టుకో."

సామ్యేల్ ఆమె తల నిమిరాడు. "ఆమె కోసమే గద బిడ్డా ఈ తిప్పలన్ని."

ఆ మాటకు ఫెబాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆశ ఎంతటివాడినైనా ఎలా గుడ్డివాణ్ని చేస్తుందో అనుకుంది.

తర్వాతి శుక్రవారం సామ్యేల్ వచ్చి, ఆ రోజు అంకె ఇరవై ఆరు అని కొట్టాడు. గంట మోగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని తెర చూశాడు, లేచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వాకిలి దాటేశాడు.

"కాకా, ఆగు."

ఆగలేదు. ఫెబా ఫోన్లో ఉన్న కంపెనీవాళ్లను అలాగే వదిలేసి వెనకాలే పరుగెత్తింది. కాళ్లు పట్టుకునైనా సరే ఆపాలనుకుంది. ఓపెన్‌కాస్ట్ గని బొగ్గు లారీలు వరసగా అడ్డం రావడంతో నాలుగు నిమిషాలు అక్కడే పోయాయి.

ఆమె క్వార్టర్ గేటు తోసేసరికి సామ్యేల్ వాకిట్లో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి గట్టిగా కట్టుకుని, ఏదో లెక్కపెడుతున్నాడు.

"కాకా, వద్దు. నా మాటిను," అంది ఆయాసంతో.

"నడుమ మాట్లాడకు బిడ్డా, లెక్క తప్పుతది." ఆయన తల తిప్పలేదు. "తొమ్మిది... పది..."

ఆయన ఎదుట సుగుణమణి, ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, పదకొండో అడుగు వేసింది.