విమానం ముక్కు

"సార్, భూమి గుండ్రంగుంటదా, సపాటుగుంటదా?"

కిటికీ పక్కన కూర్చున్న ప్రతీక్ పేపరు దించి చూశాడు. పక్క సీటులోని పెద్దమనిషి అతని మోచేయి పట్టుకుని మరీ అడుగుతున్నాడు. తెల్లధోతి, మాసిన గడ్డం. విమానం నాందేడ్ వదిలి ఎంతోసేపు కాలేదు.

"గుండ్రమే కాకా."

"మరి గీ విమానం సీదా పోతున్నది. భూమేమో వంగుకుంట పోతది. గిట్లనే పోతే మనం ముంబైల దిగుతమా, ఆసమాన్లకు పోతమా?"

ప్రతీక్‌కు నవ్వొచ్చింది. అతను నాందేడ్‌లో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఇలాంటి ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదు.

"సీదా అంటే గీత గీసినట్టు కాదు కాకా. నేల మీదికెల్లి ఒకే ఎత్తుల పోవుడు. నేల వంగితే ఆ ఎత్తు కూడా దానెంబడే వంగుతది."

అవతలి సీటులోంచి పెద్దాయన భార్య ఇందుబాయి ఆయన భుజం తట్టింది. "ఇగో, జర ఇటు చూడు. పొద్దుగాల ఫోన్ అచ్చినప్పుడు కంపెనీవాళ్లు ఏమన్నరు? మల్లొకసారి చెప్పు."

"చెప్పిన గద. జరమొచ్చింది, దవాఖాన్ల ఉన్నడు, జల్ది రమ్మన్నరు." పెద్దాయన రామచంద్రం ఆమె వైపు చూడనైనా చూడలేదు. ప్రతీక్ దగ్గరికి ఇంకాస్త జరిగాడు. "అయితే సార్, పైలట్ మాటిమాటికి విమానం ముక్కు కిందికి వంచాల్నా?"

"అక్కర్లేదు. భూమి కిందికి గుంజుతనే ఉంటది, రెక్కల మీద గాలి పైకి లేపుతనే ఉంటది. రెండూ సమానంగుంటే విమానం అదే ఎత్తుల పోతది. జర పైకి పోయిందనుకో, అక్కడ గాలి పల్చగుంటది, అంత బరువు మోయలేదు. మల్ల దిగుతది."

"మరి ముక్కు?"

"వెనక తోకకు చిన్న రెక్కలుంటయి. గాలి ఎటుకెల్లి అస్తే ముక్కును అటే తిప్పి పెడతయి. గోదావరి నీళ్లు గుండ్రటి భూమ్మీద నిలుస్తలేవా? గాలి కూడా గట్లనే భూమిని చుట్టుకొని ఉన్నది. ఆ గాలి మీదనే మనం పోతున్నం. భూమి వంపు ఎంత మెల్లగుంటదంటే, పైలట్‌కు తెలువను కూడా తెలువది."

చెబుతున్న కొద్దీ ప్రతీక్‌కు ఉత్సాహం వచ్చింది. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, అరచేతిని విమానంలా చాపి తన మోకాలి మీదుగా మెల్లగా జరిపి చూపించాడు. రామచంద్రం ఆ చేతి వంకే కళ్లార్పకుండా చూశాడు.

"ఉత్త జరానికి విమానం టికెట్లు ఎవలు పంపుతరు?" ఇందుబాయి గొంతు పెంచింది. "రైలుల రమ్మనేటోళ్లు గద? చెప్పవేంది? నిన్నే అడుగుతున్న."

రామచంద్రం గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. "సార్, సార్, మబ్బులల్ల పైలట్‌కు నేల కనబడది గద. ఎంత ఎత్తుల ఉన్నడో ఎట్ల సమజైతది?"

ప్రతీక్ ముందుకు వంగి ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరికమ్మా జరం?"

"మా వినాయక్‌కు నాయినా. ఒక్కగానొక్క కొడుకు. ముంబైల కంపెనీల పని చేస్తడు. నువ్వయినా చెప్పు బిడ్డా, అక్కడి దవాఖాన్లు మంచియేనా?"

"మంచియే అమ్మా. పెద్ద పెద్ద డాక్టర్లుంటరు. మీరు భయపడకుండ్రి."

ఆమె ముఖం కొంచెం తేరుకుంది. "విన్నవా, సార్ ఏమన్నడో?" అంది భర్తతో.

"ఎత్తు ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు రామచంద్రం.

ప్రతీక్‌కు ఒళ్లు మండింది. "ఏం మనిషివి కాకా నువ్వు? కొడుకు దవాఖాన్ల ఉన్నడు. పక్కన ఆమె ఏడుస్తున్నది. చెయ్యి పట్టుకోని ధైర్యం చెప్పేది పోయి, నీకీ విమానం ముచ్చట్లేంది?"

రామచంద్రం తల దించుకున్నాడు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఇందుబాయి భర్త మోకాలి మీద చెయ్యి వేసి, ఏదో అడగబోయింది.

"చెప్పుండ్రి సార్," అన్నాడు రామచంద్రం అంతలోనే. ఈసారి ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. "మీ కాళ్లు మొక్కుత, జర చెప్పుండ్రి."

ప్రతీక్ ముఖం చిట్లించుకునే చెప్పాడు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందని, దాన్ని కొలిచే మీటరు పైలట్ ముందు ఉంటుందని, ఆ ముల్లు కదలకుండా చూసుకుంటే చాలని. అది పూర్తికాకముందే మరో ప్రశ్న వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. విమానం ముంబైలో నేలకు తగిలేదాకా ఆయన నోరు మూయలేదు. ఇందుబాయి విసిగిపోయి అడగడం మానేసింది.

తలుపు తెరవగానే అందరికంటే ముందు ఆమే లేచింది. బట్టల సంచి గుండెకు హత్తుకుని, జనంలో సందు చేసుకుంటూ గబగబా తలుపు వైపు నడిచింది. రామచంద్రం మాత్రం కదల్లేదు.

"లేవు కాకా. ఆమె ఒక్కతే పోతున్నది," అన్నాడు ప్రతీక్.

రామచంద్రం అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటే అడుగుత సార్. గిదే ఆఖరిది."

"ఇంకా ఏమున్నది అడిగేటందుకు?" ప్రతీక్ చెయ్యి విడిపించుకోబోయాడు.

రామచంద్రం తలుపు దగ్గర నిలబడి తన కోసం చూస్తున్న భార్యను చూశాడు.

"పిలగాడు పొద్దుగాలనే పాణం ఇడిసిండని ఫోన్ల చెప్పిండ్రు సార్. ఆమెకు ఎట్ల చెప్పాలె?"