కజిన్

"పెళ్లి కాలేదన్నావా బావా?" ఝాన్సీలక్ష్మి గరిటెను సింకులోకి విసిరికొట్టింది.

"మెల్లగా! పైన లిన్ ఆంటీ వింటుంది" అన్నాడు కోదండరామ్.

"విననీ. ఆవిడకి తెలుగొచ్చా?"

కెనడాలోని ఈ గ్వెల్ఫ్ ఊరి నిండా స్టూడెంట్లే, గది దొరకడమే గగనం. జంటలకు ఇవ్వనన్న ఈ చైనా ఆవిడ ఇంట్లో, భార్యని కజిన్ అని చెప్పి బేస్‌మెంట్‌లో రెండు గదులు సంపాదించాడు. మేనత్త కూతురే కాబట్టి అబద్ధం కాదన్నాడు. ఆ రోజే ఝాన్సీ నల్లపూసలు తీసి సూట్‌కేసులో పెట్టింది.

"పెళ్లయిందా, తన ఫ్రెండ్ కూతుర్ని చూస్తావా అని ఆవిడ అడిగితే 'నాట్ యెట్' అని నవ్వావట. ఆవిడే మురిసిపోతూ చెప్పింది."

"ఇంకేం చెప్పను? నీ సెమిస్టర్ అయ్యేదాకా ఓర్చుకో. ఇల్లు పోతే ఎక్కడికెళ్తాం?"

"నేను మూడు నెలల్నుంచి ఓర్చుకుంటూనే ఉన్నాను. నువ్వు నవ్వుతున్నావు."

తలుపు చప్పుడైంది. లిన్ ఆంటీ తొంగిచూసి ఇంగ్లీషులో అడిగింది: "ఏంటీ గొడవ? ఈ పిల్ల రోజంతా 'బావా, బావా' అంటుంది, అంటే ఏంటి?"

"కజిన్" అన్నాడు కోదండరామ్ గబుక్కున.

ఝాన్సీ అతనికేసి ఒక్క క్షణం చూసింది. కంచంలో అన్నం పెట్టి టేబుల్ మీదికి తోసింది.

"వచ్చి తిను, అన్నయ్యా."

కోదండరామ్ మొహం పాలిపోయింది.

"ఇప్పుడన్నది ఏంటి?" అంది ఆంటీ కుతూహలంగా.

"అదీ కజినే, ఆంటీ" అంది ఝాన్సీ.