చెరగని బొమ్మ

అబ్దుల్ రజాక్ చేతిలో మొదట ఉన్నవి మూడే: ఒక పాత స్టిక్కర్ మిషను, చలమయ్య ఇచ్చిన ఆర్డరు, ఒక చావు.

ఆ చావు పోతమ్మ మొగుడిది. ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలు తిరగేస్తున్న ఆమె ముందే ఇప్పుడు రజాక్ కొత్త లేబుల్ పట్టుకుని కూర్చున్నాడు. బోట్ల తుప్పు కడిగే యాసిడ్‌ను చలమయ్య లీటరు సీసాల్లో అమ్ముతాడు. చూడటానికి అచ్చం నీళ్లే. నిరుడు వానల్లో రజాక్ వేసిన కాగితం లేబుల్ నాని ఊడిపోయింది. నడిసముద్రంలో ఆమె మొగుడు దాహమై ఆ సీసా ఎత్తాడు. రజాక్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. వ్యాపారంలో ఏ నష్టమైనా పూడ్చుకోవచ్చు గానీ, ఆ పద్దును కొట్టేయడం మాత్రం అతని వల్ల కాలేదు.

పోతమ్మ లేబుల్ మీది పుర్రెను వేలితో తట్టింది.

"ఇది కరెంటు స్తంభానికుంటాది కదా బాబూ. సీసాలో కరెంటు పోసి అమ్ముతన్నాడేటి సలమయ్య?"

రజాక్ నవ్వలేదు. బోట్ల మీద సగంమంది ఆమెలాగే చదువు రానివాళ్లు. వెళ్లి మళ్లీ గీసుకొచ్చాడు. గొంతు పట్టుకుని వెల్లకిలా పడిన మనిషి, పక్కన ఒలికిన సీసా, చుట్టూ ఎరుపు. ఈసారి ఆమె చేతిలో చేప పక్కనపెట్టి బొమ్మను దగ్గరికి తీసుకుంది.

"ఆయన ఇలాగే పడ్డాడంట. ఇది ఎవుడికైనా తెలుస్తాది. కానీ ఊడకూడదు బాబూ. మా సందు కూడా అదే బోటెక్కుతన్నాడు."

చందు ఆమె ఒక్కగానొక్క కొడుకు.

"ఊడదమ్మా. నాది పూచీ."

ప్లాస్టిక్ లేబుల్ తెప్పించాడు, జిగురు మార్చాడు. చలమయ్యను బతిమాలి మందమైన సీసా, బిగువైన మూత పెట్టించాడు. ఒక సీసాను నెల్లాళ్లు ఉప్పునీళ్లలో నానేశాడు, డీజిల్ పూశాడు, పీచుతో తోమాడు. బొమ్మ చెరగలేదు.

మూడో ఆర్డరు ఇస్తూ చలమయ్య మెచ్చుకున్నాడు. "నీ సెయ్యి మంచిది బావా. ఖాళీ సీసా కూడా ఒక్కడు పారెయ్యడం లేదు. తిరిగిమ్మన్నా ఇవ్వరు."

ఒక ఉదయం రజాక్ హార్బర్‌కు వెళ్లి చూశాడు. ఏ బోటు చూసినా తన ఎర్రబొమ్మే. చుక్కాని దగ్గర ఒకటి, పొయ్యి పక్కన ఒకటి, అన్నం గిన్నె దగ్గర రెండు. ప్రమాదాన్ని కళ్లెదురుగానే పెట్టుకున్నారనుకున్నాడు. ఏడాది తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పదిరోజులకు కబురొచ్చింది. చందు బోటు మీద యాసిడ్ తాగాడు. ఒడ్డు చేరేసరికే ప్రాణం లేదు.

రజాక్ పరుగున వెళ్లాడు. జెట్టీ మీద పోతమ్మ ఏడవకుండా కూర్చుని ఉంది. పక్కనే సీసా. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లేబుల్ ఒక్క అంచు కూడా లేవలేదు. లిప్తపాటు అతని గుండె తేలికపడింది. వెంటనే అందుకు సిగ్గుపడ్డాడు.

"తొందరలో బొమ్మ చూసుకోలేదా అమ్మా?"

"సూసే తాగాడు బాబూ."

తెలిసీ తాగేంత కష్టం ఏమొచ్చిందని అడగబోయాడు. మిషను ఆడుతోంది. ఆర్డర్లు మూడయ్యాయి. చావులు రెండయ్యాయి.

పోతమ్మ అతని చేతిలోని సీసా వైపు చూసింది.

"ఆ బొమ్మ సీసాలే కదా బాబూ, మా అందరి నీళ్ల సీసాలు."