తిరగని చోట చుక్క

"ఏమప్పా, మీ మిషనుకు మోకాళ్ళ నొప్పులా?"

భానుచందర్ తలెత్తి చూశాడు. ఏర్పేడులోని అతని షాపు గుమ్మంలో ఖాళీ గోతం పట్టుకుని ఒక నడివయసు ఆమె నిలబడి ఉంది.

"ఏం గావల్ల?"

"పొయ్యిలోకి చెక్కపొట్టు. అదేంది, సక్కంగా పోయేటప్పుడు పరిగెత్తతా ఉండాది, వంపు కాడికొస్తే కుంటతా ఉండాది? ఏమైంది దానికి?"

"దానికేం కాలా. పొట్టు ఎనకపక్క ఉండాది. ఎత్తుకోని పో."

నిజానికి పొద్దుటి నుంచి అతని ఏడుపంతా ఆ కుంటి నడక గురించే.

కంప్యూటర్‌లో గీసిన గీత వెంట చెక్కను కోసే మిషను అది. తిరుపతిలో అపార్ట్‌మెంట్లు కట్టే తులసీరాం ఇరవయ్యొక్క పూజగది తలుపులు అడిగాడు. సాయంత్రం నాలుగింటికి ఒక తలుపు పూర్తిగా చూపించాలి. లేకపోతే ఆర్డరు మద్రాసుకు పోతుంది.

తలుపు నిండా తీగలు. తీగ అన్నాక వంపులు తప్పవు. వంపు వచ్చినప్పుడల్లా మిషను సర్వదర్శనం లైన్లా అంగుళం అంగుళం కదులుతోంది.

వేగం అంకె పెంచి చూశాడు. సూటిగీతల మీద ఇంకా ఉరికింది. వంపుల్లో మాత్రం పాత నడకే.

ఇంకా పెంచాడు. చెక్కను కోసే బిట్ విరిగింది. కొత్తది బిగించాడు.

ఇప్పుడు టైము పదకొండు. ఈ లెక్కన తలుపు చేతికొచ్చేది రాత్రి ఏడుకి.

ఆమె వెనకపక్కకు పోలేదు. నేరుగా కంప్యూటర్ దగ్గరికి వచ్చింది.

"ఈ బొమ్మ ఎవురిది?"

"నాదే." ఆ మాట అనడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"అట్లనా. బాగుండాది. ఈ చుక్కలేంది?"

"ఇది కంప్యూటర్ పనిమ్మా. నీకర్థం కాదు. పో."

"పోను. అర్థమయ్యేట్టు చెప్పేది నీకు రాదా ఏంది?"

తగలాల్సిన చోటే తగిలింది. భానుచందర్ విసురుగా ఒక తీగను తెర మీద పెద్దది చేశాడు. గీత పొడుగునా ఎర్రచుక్కలు, బెల్లం దొరికిన చీమల్లా.

"మిషను ఈ చుక్క నుంచి ఆ చుక్కకి పోతాది. ప్రతి చుక్క కాడా నిదానించి తిరగతాది. తెలిసిందా?"

"తెలిసింది. మరి తిరగని చోట చుక్కెందుకు పెట్టినావు?"

భానుచందర్ తెర మీదికి వంగాడు. వేగం అంకె వైపు చూశాడే గాని, ఆ చుక్కల వైపు అతను ఒక్కసారీ చూడలేదు.

"నేను పెట్టలా. ఫొటో..." అని నాలుక కరుచుకున్నాడు. "కంప్యూటరే పెట్టుకునింది."

"నీ బొమ్మ మీద అది చుక్కలు పెడతా ఉంటే సూస్తా కూర్చున్నావా?"

ఎవరూ కూర్చోమనకుండానే ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. తెర మీద వేలు పెట్టింది.

"ఇది తీసెయ్. ఇదీ తీసెయ్. ఈడ చెయ్యి తిరగలా, వణికింది, అంతే. ఇది ఉండనీ, ఈడ నిజంగానే తిరిగింది."

"ఎవురి చెయ్యి?"

"గీసినోళ్ళది. నీదే గదా?"

అతను గబగబా చుక్కలు చెరపడం మొదలుపెట్టాడు.

"తీగ చెడిపోతే?"

"చెడిపోతే ఆ తలుపు నా నెత్తిన పెట్టు. ఊరంతా మోసుకోని తిరగతా."

నాలుగు వందల చుక్కల తీగకు ముప్పై మిగిలాయి. మిగిలిన చుక్కల మధ్య గీతల్ని నిండు వంపులుగా మార్చాడు. తక్కిన తీగలకూ అదే వైద్యం. ఒక్కచోట కూడా ఆమె వేలు తడుముకోలేదు.

మిషను ఆన్ చేశాడు.

మొదటి వంపు వచ్చింది. మిషను ఆగలేదు. రెండోది వచ్చింది. నిదానించనూ లేదు. పొద్దుటి నుంచి నసిగిన మిషను గొంతు ఒకే శ్రుతిలో సాగిపోయింది.

భానుచందర్ ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది.

"నీ పేరేందక్కా?"

"పేరెందుకు, తలుపు మీద ఏస్తావా?"

ఆమె గోతం నింపుకుని భుజానికెత్తుకుంది.

"ఎప్పుడు కావల్లన్నా వచ్చి పొట్టు ఎత్తుకోని పో. ఊరికేనే!" అని వెనక నుంచి కేకేశాడు భానుచందర్. తన ఉదారతకు తనకే ముచ్చటేసింది.

మూడున్నరకు తలుపు పూర్తయింది. నాలుగింటికి తులసీరాం వచ్చి తీగల మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇరవయ్యొకటీ నువ్వే చెయ్యబ్బా. కిటికీలు కూడా ఇదే పనితనంలో కావల్ల. ఎవురు గీసినారు?"

"నేనే సార్."

ఈసారి ఇంకా త్వరగా వచ్చింది ఆ మాట.

మర్నాడు పొద్దున్నే భానుచందర్ ఏర్పేడు దాటి ఒక చిన్న ఊరికి స్కూటర్ మీద వెళ్ళాడు.

ఆరు నెలల కిందట ఆ దారినే పోతూ, ఒక ఇంటికి చేత్తో చెక్కిన తలుపు చూసి, బండి దిగకుండానే ఫొటో తీసుకున్నాడు. కంప్యూటర్‌కి ఎక్కించింది ఆ ఫొటోనే. ఆ తలుపు పక్కన, అదే చేతి పనితో, కిటికీ కూడా ఉండడం గుర్తు.

ఉంది.

అప్పటిలాగే బండి దిగకుండా, రోడ్డు మీద నుంచే ఫోను పైకెత్తాడు.

"ఈసారన్నా బండి దిగి, అడిగి తియ్యప్పా," అంది అరుగు మీద, సగం చెక్కిన కిటికీ రెక్క ముందు ఉలి పట్టుకుని కూర్చున్న నిన్నటి ఆమె.