పళ్లు మా సబ్జెక్టు కాదు

వాల్వు మామ తనను నిండా ముంచాడని క్లాసు టాపర్, క్యాంటీన్‌లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. జబ్బు మార్చుకుని వచ్చాడట.

వాల్వు మామ అసలు పేరు ఎవరికీ తెలియదు. గుండెలో ఒక వాల్వు చిన్నప్పుడే చెడింది. మెడికల్ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలొస్తే ఆయన్ని మంచం మీద పడుకోబెడతారు. పిల్లలు గుండె విని జబ్బు కనిపెట్టాలి. కనిపెట్టలేనివాడి చెవిలో మామే జబ్బు పేరు ఊదేస్తాడు. అందరినీ అల్లుడూ అనే పిలుస్తాడు.

పద్దెనిమిదేళ్లుగా చొక్కా గుండీలు విప్పించారే గానీ, ఏ అల్లుడూ ఆయన నోరు తెరిపించి చూడలేదు.

ఈసారి టాపర్ వచ్చేసరికి మామ దవడ వాచి ఉంది.

"పన్ను సలుపుతోంది అల్లుడూ. పది రోజులుగా జ్వరం. కాస్త నోట్లోకి చూడవూ."

"పళ్లు మా సబ్జెక్టు కాదు మామా. ముందు గుండె సంగతి చెప్పు. పరీక్షవగానే పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

మామ చెప్పాడు. టాపర్ నోటి వాసనకు ముఖం పక్కకు తిప్పుకుని రాసుకున్నాడు.

రోగికి జ్వరముందా అని ఎగ్జామినర్ అడిగాడు. సీనియర్లు ఇచ్చిన నోట్సులో లేదు కాబట్టి, లేదన్నాడు టాపర్. ఎగ్జామినర్ మామ చెయ్యి పట్టుకుని చూశాడు. నిప్పులా కాలుతోంది. టాపర్‌కి మార్కులు కోసేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

గోల్డ్ మెడల్ చేజారింది. టాపర్ వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయాడు.

మామ సాయంత్రందాకా వరండా బెంచీ మీద కూర్చున్నాడు. ఇంటికి వెళ్లమంటే, అల్లుడు మాటిచ్చాడని అన్నాడట.

నాలుగో రోజు స్ట్రెచర్ మీద తెచ్చారు. పంటి చీము రక్తంలోకి దిగి, చెడిన వాల్వునే పట్టుకుంది. మధ్యాహ్నానికి పోయాడు.

"పరీక్షకి వచ్చే మనిషి ఒళ్లు బాగున్నప్పుడే రావాలి కదా సిస్టర్," అన్నాడు టాపర్.

నర్సు మామ చొక్కా జేబులోంచి నలిగిన టోకెను చీటీ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆయన పరీక్షకి రాలేదు. మీ పరీక్షకి పెట్టిన రోగి రాకపోతే అటెండరు ఆయన్ని వరసలోంచి లేపుకొచ్చాడు."

చీటీ మీద పరీక్షనాటి తేదీ ఉంది.

పళ్ల డాక్టరు గది ముందు, పదమూడో నంబరు రోగి లోపలికి వెళ్లినప్పుడు మామ వదులుకుని లేచిన నంబరు పద్నాలుగు.