పన్నెండో శనివారం

"నిన్న ఒకాయన వచ్చి నీ గురించి అడిగాడు," అన్నాడు పడవ నడిపే టోంగ్, గట్టుకి కట్టిన తాడు విప్పుతూ.

హేరన్ బైనాక్యులర్‌ని సంచిలోకి తోసేసింది. "ఎవరు బాబాయ్?"

"సరిహద్దు పోలీసు. సియోల్ అమ్మాయి ఒకతె ప్రతి శనివారం వస్తోందట, ఒక్క ఫోటో కూడా తీయదట, మరి ఏం చూస్తోంది అని అడిగాడు."

"మీరేం చెప్పారు?"

టోంగ్ విప్పిన తాడుని పడవలోకి విసిరేశాడు. ఇంజన్ లాగి పడవని యాలూ నదిలోకి తిప్పాడు.

హేరన్ చైనాలోని షెన్యాంగ్‌కి వచ్చి నాలుగు నెలలైంది. కార్ల విడిభాగాల కంపెనీలో తనిఖీ ఉద్యోగం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆమె బతుకు అక్కడి విదేశీయులందరి బతుకులాంటిదే. పొద్దున్నే వీధి చివర వేడి సోయాపాలు, వాటిలో ముంచుకు తినడానికి నూనెలో వేగిన పిండి కడ్డీ. ఆఫీసులో ఒక చైనీస్ మాట కాస్త సాగదీసి పలికితే చాలు, గదంతా నవ్వులు. శుక్రవారం వచ్చిందంటే ఎవరి సంచి వాళ్ళు సర్దుకుంటారు. కొందరు దాల్యన్ సముద్రానికి, కొందరు చాంగ్‌బాయ్ కొండకి.

హేరన్ మాత్రం ఈ నది ఒడ్డునున్న దాన్‌దోంగ్‌కే.

"మళ్ళీ అక్కడికేనా?" అని నిన్న సాయంత్రం ఏడిపించాడు పక్క సీట్లోని పోర్చుగీసు ఇంజనీరు దువార్తే. "చేపలు లెక్కపెడుతున్నావా? లేకపోతే పడవవాణ్ణి ప్రేమించావా?"

"ఆయనకి అరవై ఐదేళ్ళు."

"అయితేనేం, ఈత వచ్చుగా!"

ఆమె కూడా నవ్వేసింది. నవ్వకపోతే ఇంకో ప్రశ్న వేస్తాడు.

ఇది పన్నెండో శనివారం.

పడవలో ఇంకో ఐదుగురున్నారు. షాన్‌దోంగ్ నుంచి విహారానికి వచ్చిన ఒకే కుటుంబం. పెద్దావిడ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ అవతలి ఒడ్డుని వేలితో చూపిస్తోంది. అది ఉత్తర కొరియా. బూడిదరంగు ఇళ్ళు, మొక్కజొన్న చేలు, ఒక కాపలా గది. నీటి అంచున రాళ్ళ మీద ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు.

హేరన్ టోపీ కిందికి లాక్కుంది. నల్లద్దాలు సర్దుకుంది. ఆమె దగ్గర దక్షిణ కొరియా పాస్‌పోర్టు ఉంది, వీసా ఉంది, కంపెనీ కాగితాలున్నాయి. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా ఆ కాపలా గదివైపు మొహం తిప్పడం లేదు. టోంగ్ చూపు తన మీదే ఉందని చూడకుండానే తెలుస్తోంది.

నది మధ్య దాటాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏమైందయ్యా?" అంది పెద్దావిడ.

"ముసలిది కదా, మొరాయిస్తోంది," అన్నాడు టోంగ్ ఇంజన్ మీదికి వంగి.

ప్రవాహం పడవని మెల్లగా అవతలికి నెట్టసాగింది. మొదట అందరూ సరదా పడ్డారు. ఫోన్లు బయటికి తీశారు. ఒడ్డు యాభై గజాల్లోకి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. ముప్పై గజాల్లోకి వచ్చేసరికి పెద్దావిడ గింజల పొట్లం జారవిడిచింది.

కాపలా గదిలోంచి తుపాకీ పట్టుకుని ఒక సైనికుడు పరుగెత్తుకొచ్చాడు. ఏదో అరిచాడు.

హేరన్ పడవ అడుగుకి జారిపోయింది. మోకాళ్ళలో తల దాచుకుంది.

"ఏమే అమ్మాయ్, నువ్వు కొరియాదానివి కదా! ఏమంటున్నాడు?" పెద్దావిడ ఆమె భుజం పట్టి కుదిపింది.

"నాకు వినపడలేదు."

"నదంతా వినపడేలా అరుస్తుంటే నీకు వినపడలేదా?"

టోంగ్ తలెత్తాడు. గొంతు కటువుగా ఉంది. "పన్నెండు వారాలు కళ్ళు కాయలు కాచేలా చూశావు కదా, సియోల్ అమ్మాయ్! తీరా ఒడ్డు దగ్గరికొస్తే దాక్కుంటావేం? లేచి కూర్చో!"

తనని పట్టించడానికే అలా అరుస్తున్నాడనుకుంది హేరన్. లేచి కూర్చుంది.

ఒడ్డు ఇరవై గజాలు కూడా లేదు. ఉతికే దెబ్బలు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా పడవవైపే చూస్తున్నారు. ఇంకొక్క క్షణం ఆలోచిస్తే ధైర్యం చాలదు. హేరన్ టోపీ తీసేసింది. నల్లద్దాలు తీసేసింది.

సైనికుడు మళ్ళీ అరిచాడు. ఆ గందరగోళంలో ఒకామె చేతిలోని తడి దుప్పటి జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు కేకలేశారు. ఆమె మాత్రం కదలకుండా హేరన్ ముఖాన్నే చూస్తోంది.

అప్పుడే ఇంజన్ అందుకుంది. ఒక్క లాగుకే. పడవ గిర్రున తిరిగి ఇవతలి ఒడ్డుకి పరుగుతీసింది.

గట్టు ఎక్కగానే షాన్‌దోంగ్ కుటుంబం టోంగ్‌ని తిట్టినన్ని తిట్లు తిట్టి వెళ్ళిపోయింది. ఆయన వంగి తాడు కడుతున్నాడు.

హేరన్ టోపీ మళ్ళీ పెట్టుకుంది. ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"పోలీసాయనకి ఏం చెప్పారు బాబాయ్?"

"మతి సరిగా లేని పిల్ల, నదిని చూడ్డానికి వస్తుందని చెప్పాను. నమ్మాడో లేదో తెలీదు. వచ్చే వారం నుంచి నా పడవ ఎక్కకు."

"ఈ ఇంజన్ చెడిపోయి ఇవాళ మా అందరి ప్రాణాలూ పోయేవి!" అందామె. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

టోంగ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంజన్‌కి ఏ రోగమూ లేదు తల్లీ. నువ్వు ఆ ఒడ్డు నుంచి తప్పించుకొచ్చిన పిల్లవని, నీ బైనాక్యులర్ ఎప్పుడూ అచ్చం నీ పోలికలున్న ఆమె మీదే ఉంటుందని ఎప్పుడో కనిపెట్టాను. ఇంత దూరం వస్తున్నావు కదా, మీ అక్కని ఒక్కసారైనా దగ్గరగా చూసుకుంటావని నేనే ఆపేశాను."