తోడల్లుడు పంపిన లింకు

“నా సైటు మొత్తం ఎత్తుకుపోయాడే, నీ చెల్లెలి మొగుడు!”

పెద్దల్లుడి కేకకి గోడమీది గడియారాలన్నీ ఉలిక్కిపడ్డట్టయింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న భార్య తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏం పోయిందండీ?”

“ఇటు చూడు. నీ సైటేదీ, ఓసారి చూస్తాను పంపు అన్నానా? లింకు పంపాడు. తెరిస్తే ఏముంది? నా పేజీలు! నా ఫొటోలు! ‘ఆగిన కాలాన్ని నడిపిస్తాం’ అని మూడు రోజులు బుర్ర గోక్కుని రాసుకున్నానే, ఆ వాక్యంతో సహా!”

అల్లుళ్ళిద్దరూ గడియారాలు బాగుచేసేవాళ్ళే. ఊరి గడియార స్తంభం బాగుచేసే పని ఇద్దరిలో ఒకరికే దక్కుతుంది. ఎవరికన్నది ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఇద్దరి వెబ్‌సైట్లూ చూసి చెబుతానంది ఆ పని అప్పగించే మున్సిపల్ ఆఫీసరమ్మ. ఆ పెద్ద గడియారం మీద చెయ్యి వేయాలని పెద్దల్లుడికి ఎన్నాళ్ళుగానో ఆశ. అది చిన్నల్లుడి పాలవుతుందేమోనని పది రోజులుగా కడుపుమంట.

అసలు సైటు సంగతి కూడా ఆ మంటలోంచి పుట్టిందే. చిన్నల్లుడు ఏదో స్టాటిక్ సైట్ జనరేటర్‌తో చేసుకుంటున్నాడని చెవిన పడగానే ఈయనా అదే దింపుకున్నాడు. మామూలు మాటల్లో ఫైళ్ళు రాసిపెడితే చాలు, అదే వాటిని పేజీలుగా కుట్టిపెడుతుంది. ముందు మన కంప్యూటర్లోనే నమూనా చూసుకోవచ్చు. బాగుందనుకున్నాక పబ్లిష్ చేస్తే లోకమంతా చూస్తుంది. ఈయన ఇంకా నమూనా దగ్గరే ఉన్నాడు. ఎక్కడ దిష్టి తగులుతుందోనని కట్టుకున్న భార్యకి కూడా చూపించలేదు.

“మీరింకా పబ్లిషే చేయలేదంటున్నారు. మరిదిగారు ఎలా చూశారు మరి?” అంది భార్య.

“అదే కదా నా ఏడుపు! కంప్యూటర్లోకి దూరాడే! నమ్మవా? ఉండు.”

తన ఫైల్లో నీలంగా ఉన్న శీర్షికని ఎరుపు చేశాడు. సేవ్ నొక్కాడు. తోడల్లుడి లింకులో ఉన్న పేజీ కళ్ళముందే ఎర్రబడింది.

భార్య బుగ్గలు నొక్కుకుంది. “అమ్మో! మరిదిగారికి ఇంత చేతివాటం ఉందా!”

“పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? నేను మీసం పెంచితే వాడూ పెంచాడు.”

“ముందు పెంచింది ఆయనేగా,” అంది భార్య మెల్లగా.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. కళ్ళు మెరుస్తున్నాయి. “తేలు కుట్టిన దొంగలా ఎలా నోరుమూసుకుంటాడో చూడు,” అంటూ తన మొదటి పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం తగిలించాడు. ‘ఈ గడియారాలవాడు పచ్చి దొంగ. నమ్మి పని ఇవ్వకండి.’

సేవ్ నొక్కాడు. ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా తోడల్లుడి పేజీ నెత్తిన కూడా వెలిసింది.

పెద్దల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. పది రోజుల మంట మీద కుండెడు చల్లటి నీళ్ళు పోసినట్టయింది.

“తిట్టు కూడా కొట్టేశాడే! ఫోన్ చెయ్యి, వాణ్ణి ఉన్నపళంగా రమ్మను. మొహం మీదే కడిగేస్తాను.”

భార్య చెల్లెలింటికి ఫోన్ చేసి పెట్టేసిందో లేదో, ఆయన ఫోన్ మోగింది. ఆఫీసరమ్మ.

“పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయండీ. మీ తోడల్లుడిగారి సైటు పొద్దున్నే చూసేశాను. మీదేదీ?”

పొద్దున్నే అన్న మాట పెద్దల్లుడికి కారం రాసినట్టు తగిలింది. “ఇదిగో మేడమ్, ఇప్పుడే!” అని గబగబా పబ్లిష్ నొక్కి, అడ్రసు పంపేశాడు. హమ్మయ్య అనుకుని నుదురు తుడుచుకున్నాడు. కాసేపటికి గోడమీది గడియారాలన్నీ ఒక్క గొంతుతో పన్నెండు కొట్టాయి.

అప్పుడొచ్చాడు చిన్నల్లుడు, రొప్పుతూ.

“ఏమైందన్నయ్యా? వదిన గొంతు విని భయపడి పరుగెత్తుకొచ్చాను.”

“ఏమైందా? ఈ సైటు ఎవరిదో చెప్పు!”

చిన్నల్లుడు తెర మీదికి వంగి చూశాడు. “మీదే కదన్నయ్యా! ఫొటోలు ఎంత బాగా తీశారు! కానీ పైన ఇదేమిటి, ఇలా...”

“నాదేనా? నీ నోటితోనే ఒప్పుకున్నావుగా! మరి నువ్వు పంపిన లింకులోకి ఎలా వచ్చింది?”

చిన్నల్లుడు తెర పైనున్న అడ్రసు చూసి నాలుక్కరుచుకున్నాడు.

“నాదే తప్పన్నయ్యా. ఆఫీసరమ్మకి సరైన అడ్రసే పంపాను గానీ, మీకు మాత్రం తొందరలో నమూనా చూసుకునే లింకు పంపేశాను. దాన్ని ఏ కంప్యూటర్లో తెరిస్తే, ఆ కంప్యూటర్లో తయారవుతున్న సైటే కనిపిస్తుంది. ఇందాకట్నుంచీ మీరు చూస్తున్నది మీ సైటునే.”

పెద్దల్లుడి మీసం అదిరింది.

“ఏమండీ,” అంది భార్య బిక్కమొహం పెట్టి, “అయితే ఆ పైన రాసింది తీసేశాకే పబ్లిష్ చేశారా?”

జవాబు ఆయన చెప్పనక్కర్లేకపోయింది. చేతిలో ఫోన్ టింగుమంది. ఆఫీసరమ్మ మెసేజి పెట్టింది.

‘మీ సైటు చూశాను. తన గురించి తానే ఇంత నిజాయితీగా రాసుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు. మీ సలహా ప్రకారమే, పని మీ తోడల్లుడిగారికి ఇచ్చేశాను.’